వినేవారే విచారిస్తే న్యాయమా?
(కార్మికుల సభలో చేసిన ప్రసంగం)



మిల్లులో మనకు చార్జిషీటు ఇచ్చేది మేనేజరు. విచారణ జరిపేదీ ఆయన నియమించిన మనిషే. అయినా పైన లేబర్ కోర్టు ఉందన్న ధైర్యం మనది. కాగితం చేతికొచ్చింది కనుక కోర్టుకు పోగలం. అదే మన ఫోనును ప్రభుత్వం రహస్యంగా వింటే? కాగితం రాదు, కబురూ రాదు. తెలియని అన్యాయం మీద ఎవరం కోర్టుకు పోగలం?

దేశ భద్రతకు నిఘా వద్దని మేము అనడం లేదు. బాంబులు పెట్టేవారిని కనిపెట్టవలసిందే. ఆ ఉత్తర్వు సబబా కాదా అన్నది ఎవరు తేల్చాలన్నదే ప్రశ్న.

పౌరహక్కుల సంస్థ పి.యు.సి.ఎల్. వేసిన కేసులో 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ట్యాపింగుకు హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి, దాన్ని రెండు నెలల్లో సమీక్షా సంఘం పరిశీలించాలి అన్నది. ముందే న్యాయమూర్తి అనుమతి ఉండాలన్న కోరికను మాత్రం, చట్టంలో అలా లేదని, ఒప్పుకోలేదు. 2023లో కొత్త టెలికం చట్టం వచ్చినా ఈ పద్ధతి మారలేదు. ఉత్తర్వు ఇచ్చేది కార్యదర్శి, సమీక్షించేదీ కార్యదర్శులే. రెండు నెలలకొకసారి కూడే ఆ సంఘం ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు చూడవలసి వస్తోందని 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ నివేదిక చెప్పింది. అన్ని తానుల బట్టను ఒక్క షిఫ్టులో ఎవరు తనిఖీ చేయగలరు?

కోర్టు చూస్తే తేడా తెలుస్తుంది. ఒక లంచం కేసులో, ప్రజా భద్రతకు ముప్పేమీ లేకుండా ఇచ్చిన మూడు ట్యాపింగ్ ఉత్తర్వులను 2019లో బొంబాయి హైకోర్టు కొట్టివేసింది. పెగాసస్ కేసులో 2021 అక్టోబరు 27న, మన తెలుగువారైన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ధర్మాసనం, దేశ భద్రత అనగానే కోర్టు తప్పుకోదని స్పష్టం చేసింది. అయినా తాను వేసిన కమిటీకి ప్రభుత్వం సహకరించలేదని 2022లో అదే కోర్టు చెప్పవలసి వచ్చింది. జరిగిపోయాక వెతికితే దొరికేది ఇంతే!

రేపు బోనసు కోసం మనం సమ్మె నోటీసు ఇస్తాం. అది ప్రజా భద్రతకు ముప్పని ఒక అధికారి అనుకుంటే చాలదు, ఒక న్యాయమూర్తిని ఒప్పించాలి. అందుకే మేము కోరేది రెండే: వినడానికి ముందు న్యాయమూర్తి అనుమతి, పని ముగిశాక ఆ మనిషికి తెలియజేయడం. ఈ రెండు కోర్కెలనూ మన తీర్మానాల్లో చేర్చుదాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!