గాజుతీగకు రెండు దారులు

మా బషీర్‌బాగు వీథులలో స్తంభములపై నల్లని తీగలు వ్రేలాడుచుండును. వానిలో పెక్కింటి లోపల తలవెండ్రుకవంటి గాజుపోగు కలదు. దానిలో ప్రవహించునది విద్యుత్తు కాదు, వెలుగు. ఇట్టి గాజు వార్తలను బహుదూరము మోయగలదని 1966లో ప్రతిపాదించిన చార్లెస్ కావోకు 2009లో నోబెల్ బహుమతి లభించినది.

ఊరివారి కొక సంగతి తెలుపుటకు ఇంటింటికి జాబు వ్రాయవచ్చును. లేదా ఒక్కమారు దండోరా వేయింపవచ్చును. ఒకే టెలివిజను ప్రసారమును నూరిండ్లవారు చూచునపుడు నూరు ప్రతులు పంపుట వృథా. ఒక్క ప్రతిని నడిపి, దారి చీలినచోట కోరినవారివైపునకు మాత్రమే నకలు పంపుదురు. దీనినే మల్టీకాస్ట్ అందురు. కేంద్రమునుండి వచ్చిన తీగను వీథి మొగమున చిన్నపెట్టెలో 32 పాయలుగనో 64 పాయలుగనో చీల్తురు. ఆ పెట్టెకు విద్యుత్తు అక్కరలేదు. పిల్లకాలువలకు నీరు పంచినట్లు వెలుగు పంచబడును. పంచినకొలది తరుగును గనుక పాయలకు హద్దు కలదు.

ఆంధ్రప్రదేశమున ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ ప్రారంభించిరి. అచ్చట తీగను విద్యుత్ స్తంభములపై నడపిరి. తెలంగాణమున టి-ఫైబర్ తీగను మిషన్ భగీరథ నీటిగొట్టముల కందకముల వెంట వేసిరి. మొదటిది త్వరితము, కాని గాలివానకు లోబడును. రెండవది గాలివానకు వెఱవదు, గడ్డపారకు వెఱచును.

పొదుపున్నచోటనే ప్రమాదమును కలదు. నూరిండ్లకు ఒక్క తీగ చాలునన్నచో, అది తెగినప్పుడు నూరిండ్లును మూగవోవును. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపూరున రథోత్సవములో విద్యుద్ఘాతమున ఐదుగురు మరణించిన పిమ్మట, నగరమున పలుచోట్ల స్తంభములపై తీగలను కోసివేసిరి. ప్రాణరక్షణకై అది చేయదగినదే. కాని మరియొక దారి లేని యిండ్లకు వార్తలు నిలిచిపోయినవి.

దీనికి విరుగుడు వలయము. కేంద్రమునుండి ఊరికి రెండు వేర్వేరు దారులుండవలెను. రెండు తీగలును ఒకే కందకమున నుండిన అవి రెండు కావు; ఒక్క గడ్డపారపోటుకే రెండును తెగును. దారి మారినపుడు ఎవరేది కోరిరో ఆ పట్టీయు రెండవ దారిలోని యంత్రమునకు తెలిసియుండవలెను. లేనిచో వెలుగు వచ్చియు బొమ్మ రాదు. ఇంటిలోని యంత్రమునకు విద్యుత్తు కావలెను గనుక పాఠశాలలోను, ఆసుపత్రిలోను బ్యాటరీ ఉండుట మేలు.

కావున తీగ వేయవచ్చినవారిని మూడు ప్రశ్న లడుగుడు: రెండవ దారి ఏది? అది మొదటిదానికి ఎంత యెడముగా నున్నది? తెగినచో ఎవరు, ఎన్ని గంటలలో అతుకుదురు? ఇందులకు ఇంజనీరు చదువు అక్కరలేదు; చెఱువునకు కట్టయు కలుజును రెండును కావలెనని యెఱిగిన మీ బుద్ధియే చాలును. సెలవు.