రాతిలోని అరుదు లోహములు: వానిని వేరుచేయు ద్రవపు పొర

(కనగానపల్లిలో పంచాయతీ సభ్యుల కొరకు ప్రసంగ పాఠము)



అనంతపురము జిల్లాలోని దంచెర్ల, పెద్దవడుగూరు ప్రాంతముల శిలలలో అరుదైన లోహముల జాడలు కనబడినవని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 2023లో వెల్లడించెను. ఇట్టి వార్త విన్నప్పుడు 'మా పొలములోని బండకు ధర ఎంత?' అను ప్రశ్న పుట్టుట సహజము. జాడ కనబడుట వేరు, గని యగుట వేరు. పొరుగున రామగిరిలో బంగారు గనులు నడచుటయు, మూతపడుటయు ఎరిగిన మీకు ఇది క్రొత్త మాట కాదు. అయితే బంగారమునకు లేని చిక్కు వీనికి ఒకటి కలదు.

లాంథనము, సీరియము, నియోడిమియము మొదలుగా ఇవి 17 లోహములు. విద్యుత్తు బండ్లలోను, కొన్ని రకముల గాలిమరలలోను ఉండు బలమైన అయస్కాంతములకు నియోడిమియము కావలెను. పేరునకే అరుదు, భూమిపొరలో సీరియము ఇంచుమించు రాగియంత ఉన్నది. కష్టమంతయు వేరుచేయుటలోనే. ఇవి కవలపిల్లలవలె ఒకే రాతిలో కలసియుండును. ఆమ్లములో కరగించినపుడు సాధారణముగా అన్నియు ఒకే విద్యుదావేశము వహించును. వరుసలో ముందుకు పోయినకొలది కణము రవంత చిన్నదగును. ఆ రవంత భేదమే ఆధారము. దానిని పట్టుకొని కర్మాగారములలో నూనెవంటి ద్రావకముతో మరల మరల కడుగుదురు. ద్రావకము, ఆమ్లము, నీరు, అన్నియు ఖర్చే.

ఈ శ్రమ తగ్గించుటకు శాస్త్రజ్ఞులు పరిశీలించుచున్న ఉపాయములలో ద్రవపు పొర యొకటి. ద్రవపు పొరలతో చమురు జాతి పదార్థములను వేరుచేయు పద్ధతికి నార్మన్ లీ అను శాస్త్రజ్ఞుడు 1968లో అమెరికాలో పేటెంటు పొందెను. లోహములకు దీనిని ఇట్లు వాడుదురు. సన్నని రంధ్రములుగల ప్లాస్టిక్ పొరను కిరసనాయిలుతో తడిపి నిలుపుదురు. ఒకప్రక్క లోహములు కరగిన నీరు, అవతల ఘాటైన ఆమ్లము. లోహము తనంతట నూనెను దాటలేదు. కావున నూనెలో వాహకాణువును కలుపుదురు. తరచు ఇది భాస్వరము గల ఒక ఆమ్లము.

చిత్రావతిలో అధికకాలము ఇసుకయే కావున తుంగభద్రమీది పుట్టివానిని తలచుకొనుడు. వాహకాణువు ఈ గట్టున ఒక లోహకణమును ఎక్కించుకొని మూడు హైడ్రోజను కణములను దించును. ఆ గట్టున లోహమును దించి, మూడు హైడ్రోజను కణములతో తిరిగివచ్చును. చిన్న కణమును గట్టిగా పట్టును, పెద్దదానిపై మక్కువ తక్కువ. అవతలి ఆమ్లమే వానికి కూలి. అది తరిగినచో రాకపోకలు మందగించును.

లోపములు లేకపోలేదు. నూనె మెల్లగా పొరనుండి జారిపోవును, పనియు నెమ్మది. అందుచేత పెద్ద కర్మాగారములు నేటికిని పాత పద్ధతినే ప్రధానముగా నమ్ముకొనియున్నవి.

ఏ పద్ధతియైనను ముందు రాతిని పొడిచేసి ఆమ్లముతోనో క్షారముతోనో కరగించవలసినదే. ఈ ఖనిజములతో తరచు థోరియము, యురేనియము కలసియుండును; వానిలో చాలభాగము మిగిలిన మడ్డిలో చేరును. కాబట్టి ఎవరైనను లోహముల పేర పొలములు బేరమాడ వచ్చినచో, ధరకు ముందు నీరు ఎక్కడిదో, మడ్డి ఎక్కడ పోయుదురో గ్రామసభలో అడిగి సమాధానము వ్రాతమూలముగా తీసికొనుడు. పని మొదలుకాకమునుపే ఊరి బోరునీటిని పరీక్ష చేయించి ఆ కాగితమును పంచాయతీ కార్యాలయమున భద్రపరచుడు. తరువాత నీటిలో మార్పు వచ్చినచో చూపుటకు అదియే ఆధారము.