విమానం నడిపేవారి నిద్ర



ఈ ప్రసంగం వింటున్నవారిలో విమానం ఎక్కినవారు కొందరే ఉండవచ్చు. విమానం చప్పుడు విననివారు మాత్రం మా బాగేపల్లి, చిక్కబళ్లాపురం ప్రాంతంలో ఉండరు. 2008లో దేవనహళ్లి దగ్గర పెద్ద విమానాశ్రయం తెరిచినప్పటి నుంచి మా పల్లెల కుర్రవాళ్లు చాలామంది అక్కడ పనికి కుదిరారు. సామాన్లు ఎత్తేవారున్నారు, వంటశాలలో ఉన్నవారున్నారు, కాపలావారున్నారు. అందరికంటే ఎక్కువ మంది కార్లు నడిపేవారు. వారిలో ఒకడు నా దగ్గర పదో తరగతి దాకా చదువుకున్నవాడు. విమానాలు నడిపే పైలట్లను అర్ధరాత్రి ఇళ్ల దగ్గర ఎక్కించుకుని విమానాశ్రయంలో దింపడం, డ్యూటీ ముగించినవారిని తిరిగి ఇళ్లకు చేర్చడం వాడి పని.

2026 సంక్రాంతికి వాడు మా ఇంటికి వచ్చాడు. వచ్చీ రాగానే అడిగాడు: "సార్, పైలట్లు వారానికి రెండు రాత్రులు పడుకుని తీరాలని గవర్నమెంటు ఆర్డరు వేసిందంట, నిజమేనా?"

నిజమేనని చెప్పాను. అయితే ఎందుకు వేసింది, దాని వెనుక ఏముంది అని వాడు గుచ్చిగుచ్చి అడిగితే నాకు తెలిసింది తక్కువని తేలింది. తర్వాత చదివి తెలుసుకున్న సంగతులే ఈరోజు మీకు మనవి చేస్తున్నాను.

మనకు పోస్టింగు ఇచ్చిన స్కూలు ఉన్నట్టే ప్రతి పైలటుకూ ఒక ఊరు ఉంటుంది. దాన్ని బేస్ అంటారు. డ్యూటీ అక్కడ మొదలై, ఒకటి రెండు రోజులు ఎక్కడెక్కడ తిరిగినా అక్కడే ముగుస్తుంది. విమానం బయలుదేరడానికి సుమారు గంట ముందే పైలటు అక్కడ హాజరు కావాలి. ముందుగా ఒక గొట్టంలోకి ఊదాలి. ఒంట్లో మద్యం ఉందో లేదో యంత్రం చెబుతుంది. ఉందని తేలితే మొదటిసారికే మూడు నెలలు లైసెన్సు ఆగిపోతుంది. ఆ తర్వాత కాగితాలు. దారిలో వాతావరణం ఎలా ఉంది, ఎంత ఇంధనం పోయించుకోవాలి, విమానంలో ఏదైనా మరమ్మతు మిగిలి ఉందా, దిగబోయే ఊళ్లో ఏ దీపం వెలగడం లేదు, ఏ రాడారు పనిచేయడం లేదు, ఏ రన్‌వే మూసి ఉంది అని వివరంగా రాసి ఉంటుంది. ఈ చివరి రకం నోటీసును నోటామ్ అంటారు. ఇప్పుడు ఇవన్నీ పలకంత పరికరంలో వస్తున్నాయి కాని, పని అదే. ఆనాటి వార్తలు చదువుకుని, అర్థమైందని ఒప్పుకుని, విమానం ఎక్కాలి.

నేను ఉపాధ్యాయుణ్ని కనుక నాకు వెంటనే మా స్టాఫ్ రూములోని నోటీసు పుస్తకం గుర్తుకు వచ్చింది. అటెండరు పుస్తకం తెచ్చి ముందు పెడతాడు. పై సంతకం ఎవరిదో చూసి, దాని కింద మనమూ ఒక సంతకం గీకుతాము. చదివేది ఎందరు? మేము చదవకపోతే మహా అయితే ఒక మీటింగు తప్పిపోతుంది. వాళ్లు చదవకపోతే?

దీనికి జవాబు 2017 జూలై 7న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో దొరికింది. టొరంటో నుంచి వచ్చిన ఎయిర్ కెనడా విమానం అర్ధరాత్రి కావస్తుండగా దిగబోతోంది. అక్కడ పక్కపక్కనే రెండు రన్‌వేలు. ఆ రాత్రి ఎడమవైపుది మూసి, దీపాలు ఆర్పివేశారు. ఆ సంగతి నోటీసులో ఉంది. కాని 27 పేజీల కట్టలో 8వ పేజీలో ఉంది. పైలట్లు రెండు రన్‌వేలూ ఉన్నాయనే అనుకుని, కనిపించిన కుడివైపు రన్‌వేనే ఎడమదిగా లెక్కవేసుకుని, దాని పక్కనున్న టాక్సీవేను తమ రన్‌వే అనుకున్నారు. టాక్సీవే అంటే విమానాలు రన్‌వే దాకా మెల్లగా నడిచి వెళ్లే దారి. దాని మీద నాలుగు విమానాలు నిండా జనంతో, నిండా ఇంధనంతో వరుసగా నిలబడి ఉన్నాయి. వచ్చే విమానం వాటి మీదుగా నేలకు సుమారు అరవై అడుగుల ఎత్తుకు దిగి, ఆఖరి క్షణంలో పైకి లేచింది. ఎవరికీ దెబ్బ తగలలేదు.

విచారణలో నోటీసు కట్ట సంగతితో పాటు మరొకటి బయటపడింది. ఆ కెప్టెన్ అప్పటికి 19 గంటలకు పైగా మేలుకుని ఉన్నాడు. ఆయన ఒంటికి తెలిసింది టొరంటో గడియారం. ఆ లెక్కన అప్పుడు వేళ తెల్లవారుజామున మూడు. అంటే నోటీసును మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసినా, చదివే కన్ను సగం మూతపడి ఉంటే ఆ అక్షరాలు లోపలికి పోతాయా అన్నది ప్రశ్న.

తెల్లవారుజామున మూడు అంటే ఏమిటో మన రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. రాత్రి త్రీఫేజు కరెంటు వస్తే బోరు మోటారు వేయడానికి రెండు గంటలకు లేచి చేనికి పోయినవారికి తెలుసు. నాలుగో జ్వరం దాటిన పట్టుపురుగులకు రాత్రిళ్లు మేత వేసిన ఆడవాళ్లకూ తెలుసు. చేతులు పని చేస్తూనే ఉంటాయి, బుద్ధి పని చేయదు. శాస్త్రజ్ఞులు కూడా రాత్రి రెండు నుంచి ఆరు దాకా శరీరం బాగా అడుగంటి ఉండే వేళ అని లెక్క తేల్చారు. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఇద్దరు ఒక ఫలితం ప్రకటించారు. వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరుతో సమానమట. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. మరి మద్యానికి గొట్టం ఉంది. నిద్రకు బేస్‌లో గొట్టం పెట్టలేదు. ఆ మాట మనిషే నోరు తెరిచి చెప్పాలి.

మన కర్ణాటకలోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. తలచుకుంటే బాధ కలుగుతుంది, అయినా చెప్పక తప్పదు. 2010 మే 22వ తేదీ ఉదయం ఆరు గంటలు దాటుతుండగా దుబాయి నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో దిగుతూ, గుట్ట మీది రన్‌వే దాటిపోయి లోయలో పడింది. అందులో 166 మంది ఉన్నారు. 158 మంది చనిపోయారు. ఎనిమిది మంది బతికారు. కూలికి, నౌకరీకి గల్ఫు దేశాలకు పోయి సెలవు మీద ఇంటికి వస్తున్నవారు అందులో ఎందరో ఉన్నారు.

ఆ విమాన సిబ్బందే ముందు రాత్రి తొమ్మిదిన్నర దాటాక మంగళూరు నుంచి దుబాయికి వెళ్లి, అక్కడి నుంచి తెల్లవారుజామున తిరిగి బయలుదేరారు. మంగళూరు రాడారు మే 20 నుంచి పనిచేయడం లేదని నోటీసు ఉంది. రాడారు లేదు కనుక ఎత్తు తగ్గించడం ఆలస్యమైంది. విమానంలో మాటలను నమోదు చేసే యంత్రం ఒకటి ఉంటుంది. అందులో రెండు గంటల అయిదు నిమిషాల శబ్దం దొరికింది. మొదటి గంటా నలభై నిమిషాలు కెప్టెన్ నిద్రలో ఉన్నాడు, గురక కూడా వినిపించింది. లేచాక ఆ మత్తు పూర్తిగా వదలకుండానే విమానం దించబోయాడని విచారణ సంఘం తేల్చింది. సుమారు 8,000 అడుగుల రన్‌వేలో 5,200 అడుగులు గడిచిపోయాక చక్రాలు నేల తాకాయి. పక్కనున్న కో-పైలటు మళ్లీ పైకి లేపుదామని మూడుసార్లు అన్నాడు. కెప్టెన్ వినలేదు.

ఈ మూడుసార్లు అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. హెడ్మాస్టరు బోర్డు మీద తప్పు లెక్క వేస్తే కొత్తగా వచ్చిన టీచరు ఎన్నిసార్లు చెబుతాడు? ఒకసారి మెల్లగా చెబుతాడు, రెండోసారి నసుగుతాడు, మూడోసారి ఊరుకుంటాడు. ఆ కో-పైలటు మూడుసార్లు చెప్పాడు. చెప్పేవాడి ధైర్యం సరిపోలేదని నేను అనను. వినవలసిన చెవి ఇంకా నిద్రలేవలేదు.

ఇక ఆర్డరు సంగతికి వస్తాను. పౌర విమానయానాన్ని అదుపు చేసే డి.జి.సి.ఎ. 2024 జనవరిలో పైలట్ల డ్యూటీ నిబంధనలను మార్చింది. అమలు వాయిదా పడింది. వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. చివరకు 2025లో రెండు విడతలుగా అమలులోకి తెచ్చారు. జూలై 1 నుంచి వారపు విశ్రాంతి 36 గంటలకు బదులు 48 గంటలు అయింది, అందులో రెండు రాత్రులు ఉండి తీరాలి. రెండు రాత్రులు ఎందుకంటే, నిద్ర బాకీ ఒక రాత్రితో తీరే చేబదులు లాంటిది కాదు. నవంబరు 1 నుంచి రాత్రి పని కట్టుదిట్టమైంది. రాత్రి అంటే పన్నెండు నుంచి అయిదు దాకా అనే లెక్క ఆరు దాకా పెరిగింది. రాత్రివేళ ఒక పైలటు ఆరుసార్లు విమానం దించే వీలున్న చోట రెండుసార్లకు తగ్గించారు. ఇవి కాక, అలసటగా ఉందని పైలట్లు ఇచ్చిన నివేదికల వివరాలను విమాన సంస్థలు మూడు నెలలకు ఒకసారి డి.జి.సి.ఎ.కు పంపాలి.

"ఏడాదికి వెయ్యి గంటలేనట కదా వాళ్లు నడిపేది, రోజుకు మూడు గంటలైనా పడవు" అని నాతో ఒక పెద్దమనిషి అన్నారు. మా టీచర్లను గురించి కూడా పది నుంచి నాలుగు దాకానే కదా అనే లోకం ఇది! వెయ్యి అనేది విమానం కదిలిన గంటల హద్దు మాత్రమే. ముందు హాజరు, మధ్యలో నిరీక్షణ, పరాయి ఊళ్లో పగటిపూట తెరలు లాగుకుని రాని నిద్ర, ఇవి వెయ్యిలో లేవు.

2025 డిసెంబరు మొదటి వారంలో ఏం జరిగిందో మీరు వినే ఉంటారు. కొత్త లెక్కకు సరిపడా పైలట్లను సమకూర్చుకోక ఇండిగో సంస్థ విమానాలు వేలకొద్దీ రద్దయ్యాయి. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా రద్దు. జనం విమానాశ్రయాల్లో నేల మీద పడుకున్నారు. పెళ్లిళ్లకు, పరీక్షలకు పోవలసినవారు, అయినవారి అంత్యక్రియలకు పోవలసినవారు చిక్కుకుపోయారు. వారి కోపం న్యాయమైనదే. ఆ ఒత్తిడిలో ప్రభుత్వం రాత్రి పని నిబంధనల్లో కొన్నిటిని ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 దాకా సడలించింది. సెలవును వారపు విశ్రాంతిగా లెక్కకట్టరాదన్న నిబంధనను అయితే అందరికీ ఉపసంహరించింది. నా ఉద్దేశం దాచుకోకుండా చెబుతాను. 2024 జనవరిలో ప్రకటించిన పరీక్షకు 2025 డిసెంబరులో చదవలేదని వచ్చిన విద్యార్థికి మేమైతే ప్రశ్నపత్రం మార్చము. ఆ రోజుల్లో కొందరు తప్పు పైలట్ల మీదికి నెట్టి, పడుకోవడానికి జీతమా అని అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు.

ఇదంతా తెలుసుకుని మా శిష్యుణ్ని మళ్లీ పిలిపించి చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "అలసటగా ఉందంటే వాళ్లను ఏమీ అనరా సార్?" అన్నాడు. అనకూడదని నిబంధన, అంటారేమోననే భయం ఎక్కడైనా ఉంటుందని చెప్పాను. అప్పుడు వాడు తన సంగతి బయటపెట్టాడు. కొన్ని నెలల కిందట ఒక తెల్లవారుజామున పైలటును దింపి, ఖాళీ బండితో తిరిగి వస్తుంటే చిక్కబళ్లాపురం దాటాక కన్ను మూతపడింది. బండి డివైడరును రాసుకుంటూ పోయి ఆగింది. వాడికి ఏమీ కాలేదు. బంపరు ఖర్చు జీతంలో కోశారు. "నిద్ర వచ్చిందని చెప్పావా?" అని అడిగాను. "లేదు సార్, కుక్క అడ్డం వచ్చిందని చెప్పాను" అన్నాడు. ఆనాటికి వాడు పదహారు గంటలుగా బండి మీద ఉన్నాడు. గంటల లెక్క ప్రకారం విశ్రాంతి తీసుకుని బయలుదేరిన పైలటును, ఏ లెక్కా లేని మనిషి చీకట్లో తీసుకుపోతున్నాడన్న మాట! మోటారు రవాణా కార్మికులకు రోజుకు ఎనిమిది గంటలని 1961లోనే చట్టం రాశారు. వాడికి ఆ సంగతి చెప్పినవారు లేరు.

యజమానికి కన్నడలో ఒక అర్జీ రాసిపెట్టమని అడిగాడు. రెండు రాత్రుల డ్యూటీ తర్వాత ఒక రాత్రి విడుపు కావాలని కోరిక. రాయడానికి కూర్చుంటే మాట దగ్గర చిక్కు వచ్చింది. కన్నడంలో ఆయాస అంటే అలసట. తెలుగులో ఆయాసం అంటే ఊపిరి ఆడకపోవడం. యజమాని ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం. ఆయాస అని రాస్తే వీడికి ఉబ్బసం ఉందనుకుని పనిలోంచి తీసేస్తాడేమోనని భయం వేసింది. దణివు అని రాయబోయాను. అది పొద్దంతా మట్టి మోసినవాడి మాట, కూర్చుంటే తీరేది. చివరకు నిద్ర అనే రాశాను. రెండు భాషల్లోనూ ఒకటే మాట.

సంతకం పెట్టబోతూ వాడు కలం ఆపి, "సార్, ఆ కుక్క సంగతి కూడా నిజం రాసేద్దామా?" అన్నాడు. నీ ఇష్టమన్నాను. కాసేపు ఆలోచించి రాయమన్నాడు. ఆ నాలుగు వాక్యాలు చివర చేర్చాను. అర్జీ ఇచ్చి వచ్చాడు. యజమాని చదివి జేబులో పెట్టుకున్నాడట, ఏమీ అనలేదట.