చిన్న పడవలో చెక్కవేదిక
(సంఘ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



ఆంధ్ర తీరమున పెరిగినవారు తెప్పను చూచియే యుందురు. తెప్పకు కడుపు లేదు. తేలిక దుంగలను చేర్చి త్రాళ్లతో బిగించిన కట్ట అది. నీరు సందులలోనుండి పైకి వచ్చును, మరల క్రిందికి జారిపోవును. దానిపై నిలుచు జాలరి పాదములు ఇంచుమించు నీటిమట్టముననే యుండును. నీరు నిండి మునుగుట యనునది దానికి లేదు. బోలు పడవ సంగతి వేరు. అంచు దాటి నీరు లోనికి వచ్చినచో దాని బలము తీరిపోవును. అట్టి బోలు పడవలో నిలుచుటకు వేదిక కట్టుకొనువారిని గురించియే ఈ ప్రసంగము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో సరస్సులును, ఆనకట్టల జలాశయములును అనేకములు. వానియందు గాలము వేయుట సామాన్య గృహస్థులకు గొప్ప వినోదము. వారిలో పలువురు వాడునది 12 మొదలు 16 అడుగుల వరకు పొడవు గల, అడుగు చదునైన అల్యూమినియపు పడవ. ఒకప్పుడు అల్యూమినియము అరుదైన లోహము. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హేరూ అనువారు వేర్వేరుగా విద్యుచ్ఛక్తితో దానిని తీయు మార్గమును కనుగొనిన పిమ్మట అది చౌకయైనది. రెండవ ప్రపంచ యుద్ధము ముగియు కాలమున విమానములు చేయు గ్రుమ్మన్ సంస్థయే ఆ రేకుతో చిన్న పడవలను చేయ నారంభించినది. ఈ లోహము ఇనుముకంటె ఇంచుమించు మూడు రెట్లు తేలిక. ఇద్దరు మనుష్యులు పడవను మోసుకొని పోగలరు.

ఈ పడవలో అడ్డముగా బల్లలు మాత్రమే యుండును. అయితే బాసు అను చేప నాచులలోను, మునిగిన మొద్దుల చాటునను దాగి యుండును. కొంత ఎత్తున నిలిచినచో నీటిలోపల బాగుగా కనబడును, గాలము దూరముగా విసరుటకును వీలగును. అందుచేత పడవ ముందుభాగమున చెక్కవేదిక కట్టుకొనుట అక్కడ వాడుక. ఆదివారములలో ఇంటి షెడ్డులోనే ఈ పని సాగుచుండును.

ఒక తండ్రి తన పదేండ్ల కుమారుని వెంట తీసికొని పోవుటకై ఇట్టి వేదిక కట్టుచున్నాడనుకొందురు గాక. అతనికి మొదట తోచునది అడ్డబల్లలను కోసివేయుట. అది తగదు. ఆ బల్లలే పడవ ప్రక్కలను వంగకుండ పట్టి యుంచును. వాని క్రింద తేలిక నురుగు దిమ్మెలు కూర్చబడి యుండును. పడవ నీటితో నిండినను, పట్టుకొనువారికి ఆధారముగా తేలుట వాని వలననే.

రెండవది, చెక్క ఎంపిక. చెదలు పట్టకుండ మందు పట్టించిన కలప మేలని తోచును. అమెరికాలో 2003 వరకు ఇండ్ల కలపకు ఆర్సెనిక్కు కలిసిన మందు వాడెడివారు. అది మానిన పిదప వచ్చిన మందులలో రాగి పాలు హెచ్చు. రాగి గల తడిచెక్క అల్యూమినియమును తాకినచో లోహము తినివేయబడి రంధ్రములు పడును. కావున నీటికి విడిపోని జిగురుతో చేసిన ప్లైవుడ్డును తెచ్చి, అంచులకును స్క్రూ రంధ్రములకును మరచిపోక వార్నీషు పూయవలెను. ప్లైవుడ్డు నీరు త్రాగునది అంచులనుండియే. స్క్రూలు తుప్పు పట్టని ఉక్కువి కావలెను. పడవ అడుగున రంధ్రము చేయరాదు. వేదిక క్రింద నీరు వెనుకకు పారుటకును, గాలి తగులుటకును సందు విడువవలెను.

ఇంతవరకు వడ్రంగమే. అసలు ప్రశ్న ఎత్తు. వేదిక క్రింద సామానుకు చోటు కావలెనని మరి నాలుగు అంగుళములు పెంచుటకు మనసు లాగును. అయితే నిలిచిన మనుష్యుని బరువు ఇంచుమించు బొడ్డు దగ్గర కేంద్రీకరించి యుండును. పాదములు ఎంత పైకి లేచిన, ఆ బరువు అంత పైకి లేచును. కూర్చున్నప్పుడు కదలని పడవ, నిలిచి ఒక ప్రక్కకు వంగినంతనే ఒరుగును. అర అంగుళము దళసరి గల 4 అడుగులు, 8 అడుగుల ప్లైవుడ్డు పలక ఒక్కటియే సుమారు 20 కిలోలు తూగును. దూలములు, బ్యాటరీ, సామాను దానికి తోడగును.

1971లో ఆ దేశమున పడవ భద్రతా చట్టము చేయబడిన పిమ్మట, 20 అడుగులకంటె చిన్న మోటారు పడవలకు ఒక ఫలకము బిగించుట విధియైనది. ఎందరు ఎక్కవచ్చునో, మొత్తము బరువెంతయో దానిపై చెక్కి యుండును. అది వేదిక లేని పడవకు కట్టిన లెక్క. కట్టినవాడు తన చెక్క బరువును దానినుండి తీసివేసికొనవలెను. మిగిలిన దానిలోనే తండ్రియు, కుమారుడును ఇమడవలెను. ఇది తెలిసిన గృహస్థుడు ఎత్తు తగ్గించును, పలకను చిన్నది చేయును, బ్యాటరీని అడుగున పెట్టును.

మొదటి దినమున అతడు కుమారుని గట్టుననే నిలిపి, నడుము లోతు నీటిలో తాను ఒక్కడే వేదికపై నిలిచి, ఇటునటు వంగి చూచును. లైఫ్ జాకెట్టు తొడిగియే చూచును. పడవ ప్రమాదములలో మునిగి మరణించినవారిలో అధికులు దానిని ధరింపనివారేనని ఆ దేశపు తీరరక్షక దళము ఏటేట చెప్పుచున్నది.

ఆ పరీక్ష ముగిసినపిదప గాని కుమారుని చేయి పట్టి పడవ ఎక్కింపడు. కుఱ్ఱవాడు ఆ వేదికను చూచి నాన్న కట్టినదని సంతసించును. తండ్రి కట్టక విడిచిన నాలుగు అంగుళములు వానికి కనబడవు. వాడు క్షేమముగా ఇంటికి మరలుటకు కారణము ఆ నాలుగు అంగుళములే. కట్టుట ఎంత నేర్పో, ఎక్కడ ఆపవలెనో ఎరుగుటయు అంత నేర్పు.