పెట్రోలు టాంకిలో నీరు

నేను ముప్పదియైదు సంవత్సరములు బడిలో తెలుగు పాఠములు చెప్పి విరమించినవాడను. మోటారుసైకిలు నడపుట నే నెఱుగను. అట్టివాడు పెట్రోలు టాంకిని గూర్చి ప్రసంగించుట యేమని మీరు నవ్వవచ్చును. కాని నేడు మన గ్రామములలో మోటారుసైకిలు లేని యిల్లు అరుదు. ఎరువులు తెచ్చుకొనుటకైనను, రాత్రివేళ జ్వరము తగిలిన బిడ్డను ఆసుపత్రికి చేర్చుటకైనను అదియే ఆధారము. అట్టి బండి వర్షాకాలమున నడిదారిలో నిలిచిపోవుటకు గల కారణములలో టాంకిలోనికి నీరు చేరుట యొకటి. ఆ నీటిని తీయబోయి తెలియక చేసిన పని యొకటి ప్రాణము మీదికి వచ్చుట నేను కన్నులార చూచితిని. అందుచేతనే ఈ ప్రసంగము.

మొదట విషయస్వభావమును తెలిసికొందము. లీటరు నీరు ఇంచుమించు ఒక కిలో తూగును. లీటరు పెట్రోలు ముప్పాతిక కిలోకు అటునిటుగా తూగును. కావున టాంకిలో చేరిన నీరు అడుగున దాగియుండును. మూత తీసి చూచిన కంటికి పైనున్న పెట్రోలే కనబడును. ఇంజనుకు పోవు మార్గము అడుగుననే యున్నది గనుక ఆ నీరు ఎప్పుడో యొకప్పుడు ఇంజనుకు చేరక మానదు. బండి కొంతదూరము పోయి ఎగిరెగిరి పడి ఆగుట, వాన కురిసిన మఱునాడు ఎంతకును అంటుకొనకుండుట, రిజర్వునకు త్రిప్పినంతనే నిలిచిపోవుట, ఇవి దాని లక్షణములు. ఇతర దోషముల వలనను ఇట్లు జరుగవచ్చును గాన పరీక్షించి నిశ్చయించుకొనవలెను.

అలంకారశాస్త్రము చదివిన పెద్దలకు రెండు న్యాయములు తెలిసియే యుండును. నువ్వులును బియ్యమును కలిసినను దేనికది వేఱుగా కనబడుట తిలతండులన్యాయము. పాలును నీరును కలిసి భేదము తెలియకుండుట క్షీరనీరన్యాయము. వెనుకటి పెట్రోలును నీరును తిలతండులముల వంటివి. నేటి పెట్రోలు అట్లు కాదు. దానిలో ఇథనాలు కలుపుచున్నారు. ఇది చెఱకునుండి, నూకలనుండి, మొక్కజొన్ననుండి తీయు సారాయిజాతి ద్రవము. మన దేశమున నూటికి 10 పాళ్లు కలుపవలెనన్న సంకల్పము 2022 జూనులో నెఱవేరినది. 2023 ఫిబ్రవరినుండి 20 పాళ్లు కలిపిన పెట్రోలు అమ్మకము మొదలయినది.

ఇథనాలునకు నీటితో చెలిమి యెక్కువ. కొద్దిపాటి నీరు చేరినచో దానిని తనలో ఇముడ్చుకొనును, అంతవఱకు క్షీరనీరన్యాయమే. మితి దాటినచో ఇథనాలు పెట్రోలును విడిచి నీటిని కూడి అడుగునకు దిగును. అందుచేత అడుగుపొర మొదట చేరిన నీటికంటె పెద్దదగును. పైన మిగిలిన పెట్రోలునకును పూర్వపు గుణముండదు. కుదిపినంత మాత్రమున అవి మఱల నిలుకడగా కలియవు. "పైన మఱికొంత పెట్రోలు పోసి నడపుము, అదియే సరిపడును" అని చెప్పువారు కలరు. ఆ మాట వినరాదు. పోసి పోగొట్టు దోషము కాదిది. తీసి పోగొట్టు దోషము.

ఇక నేను చూచినది చెప్పెదను. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ ప్రాంతమును ముంచివేసిన సంగతి మీకు జ్ఞాపకముండును. నా చెల్లెలి యిల్లు ఆ ప్రాంతముననే యున్నది. వరద తీసిన పిమ్మట చూచి రాబోతిని. వీధి పొడవునను బురదపట్టిన మోటారుసైకిళ్లే. పొరుగింటి కుఱ్ఱవాడు, పందొమ్మిదేండ్లవాడు, నా మేనల్లుని బండి బాగుచేయబూనెను. టాంకిలో సన్నని రబ్బరు గొట్టము పెట్టి రెండవ కొనను నోట పెట్టుకొనెను. నే నచ్చటనే కుర్చీలో కూర్చుండి యుంటిని. "రెండు నిమిషాల పని తాతగారూ" అని నవ్వి పీల్చెను. పెట్రోలు నోటిలోనికి వచ్చి పొలమాఱెను. వాని నాయనమ్మ, ఎవరో తలచుకొనుచున్నారని నడినెత్తిన తట్టెను. దగ్గు ఆగకుండుట చూచి ఎవరో ఉప్పునీరు త్రాగించి కక్కించిరి. సాయంకాలమునకు ఊపిరి ఆడలేదు. రాత్రికి జ్వరము వచ్చెను. ఆసుపత్రిలో ఆఱు దినములుంచిరి. దైవము మేలు చేసినందున బ్రతికెను.

వైద్యుడు చెప్పిన మాటలు ఇవి: పెట్రోలు కడుపులోనికి పోవుటకంటె ఊపిరితిత్తులలోనికి పోవుట మిక్కిలి ప్రమాదకరము. కొద్దిచుక్కలైనను చాలును. కక్కించినచో అది రెండవమాఱు గొంతు మీదుగా వచ్చి మఱల ఊపిరితిత్తులలోనికి జాఱవచ్చును. కావున కక్కింపక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

మఱి నీటిని తీయు పద్ధతి యేది? అనుమానము కలిగినంతనే కిక్కు కొట్టుట, బటను నొక్కుట మానవలెను. బండి వరదలో మునిగినదైనచో ఈ నియమము మఱింత ముఖ్యము. ఇంజనులోనికి నీరు చేరియుండగా బలవంతముగా త్రిప్పినచో లోపలి కడ్డీ వంగవచ్చును. బండిని ఆరుబయట నిలుపవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలబారున ప్రాకి దూరముననున్న పొయ్యిని, బీడీని సైతము అంటుకొనగలదు. ఇంజను చల్లారియుండవలెను.

కార్బ్యురేటరు గల పాతబండికి టాంకి క్రింద కుళాయి యుండును. దానిని కట్టి, కార్బ్యురేటరునకు పోవు గొట్టమును ఊడదీసి, ఆ కొనను పెట్రోలు డబ్బాలో నుంచి, కుళాయిని రిజర్వునకు త్రిప్పవలెను. నోటితో పనిలేకయే పెట్రోలు తనంతట దిగును. మొదట దిగినదానిని గాజుసీసాలో పట్టి పది నిమిషములు కదల్పక యుంచుడు. నడుమ గీత యేర్పడి అడుగున వేఱొక పొర నిలిచినచో మీ అనుమానము నిజమే. అప్పుడు టాంకిలోని దంతయు తీసివేయవలెను. కుళాయికి అందక మూలలలో కొంత నిలుచును గనుక టాంకిని ఊడదీసి, మూతినుండి వంపి, కొద్ది మంచి పెట్రోలుతో తొలిచి, నీడలో ఆరనీయవలెను. లోపల తుప్పున్నదేమో చూడవలెను. కార్బ్యురేటరు గిన్నె క్రింది మరను సడలించి అందలి నీటిని కూడ విడువవలెను. మునిగిన బండికి ఇంజను ఆయిలు పాలు కలిసిన కాఫీ రంగున నున్నచో దానిని మార్చక నడపరాదు.

2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 నియమములు వచ్చిన తరువాత తయారైన బండ్లలో చాలవాటికి కార్బ్యురేటరు లేదు; పెట్రోలు పంపు టాంకిలోపలనే యుండును. అట్టివానిని ఇంట విప్పక మెకానిక్కు వద్దకు చేర్చుటయే మేలు. తీసిన పెట్రోలును నూతిలో గాని కాలువలో గాని పోయరాదు. చెత్తకుప్పపై పోసి నిప్పంటింపరాదు. దానిని గూడ మెకానిక్కునకే అప్పగింపుడు.

నీరు చేరకుండ చూచుకొనుట అంతకంటె సులభము. మూతలోని రబ్బరు చీలినచో మార్పింపుడు. మూత చుట్టును నిలిచిన వాననీరు పోవుటకు సన్నని రంధ్రముండును. అది మట్టితో పూడకుండ చూడుడు. బండి కడుగునపుడు మూతపై నీటిధారను కొట్టనీయకుడు. వర్షాకాలమున టాంకిని వట్టిగా ఉంచకుడు. వట్టిచోట గాలిలోని తేమ రాత్రి చల్లదనమునకు చెమ్మగా దిగును. నీరు ముంచెత్తిన బంకున, భూమిలోని టాంకిని పరీక్షించిరా యని అడిగిన మీదటనే పోయించుకొనుడు. నీరు తగిలిన రంగు మాఱు లేపనమును కొలకఱ్ఱకు పూసి వారు చూచెదరు. అడుగుట తప్పు కాదు.

ఆనాడు ఆ కుఱ్ఱవాడు గొట్టము నోట పెట్టుకొనునపుడు వలదనుటకు నా నోట మాట రాలేదు. యంత్రముల సంగతి పిల్లలకు తెలియును, మనకేమి తెలియునని ఊరకుంటిని. ముప్పదియైదేండ్లు పిల్లలను మందలించిన నోరు, మందలింపవలసిన నిమిషమున మూతపడెను. అయ్యలారా, మీకు బండి నడపుట రాకపోవచ్చును. గొట్టము నోట పెట్టుకొను పిల్లవానిని "ఆగుమురా నాయనా" యనుట వచ్చును గదా! ఆ మాట మీరు తప్పక అనుడు.