తెరచాప – తాడు బిగింపు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం, వైద్య బిల్లుల సంగతి నా ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. నేను ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి. సముద్రం చూడాలంటే రాత్రంతా రైలులో పోవలసిన కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లకు తెరచాప గోల ఎందుకని కొందరు నవ్వుతున్నారు. మన కోటిలింగాల గోదావరి గట్టున ఎవరి నాణేలు దొరికాయో, ఆ సాతవాహనులే తమ సీసపు నాణేలపై రెండు స్తంభాల ఓడను ముద్రించారు. కనుక మనకూ కొంత హక్కున్నది.

గాలి వెనుకనుంచి నెడితే పడవ పోతుందని అందరికీ తెలుసు. మరి ఎదురుగాలిలో? ట్యాంక్‌బండ్ మీద నిలబడి హుస్సేన్‌సాగర్‌లో పందెపు పడవలను చూడండి. గాలి వచ్చే దిక్కుకే, సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా, వంకరటింకరగా మలుపులు తీసుకుంటూ వెళతాయి.

సంక్రాంతి పతంగిని తలచుకోండి. దారం దానిని వాలుగా పట్టి ఉంచుతుంది. అది గాలిని కిందికి మళ్లిస్తుంది, తాను పైకి లేస్తుంది. తెరచాప నిలువుగా కట్టిన పతంగి వంటిది. ఉబ్బెత్తు వైపు గాలి వేగం హెచ్చి పీడనం తగ్గుతుంది. ఆ తేడా తెరచాపను అటు లాగుతుంది. పడవ పక్కకు జరగకుండా నీటిలోకి దిగిన పలక అడ్డుకుంటుంది. మిగిలిన బలం ముందుకు నడుపుతుంది. రెండు వైపులా పోయిన గాలి చివర ఒకేసారి కలుసుకోవాలని కొన్ని పుస్తకాలు రాస్తాయి. అది తప్పు, మనుమలకు చెప్పకండి.

అసలు నేర్పు తాడులో ఉన్నది. మరీ వదిలితే తెరచాప ముందంచు రెపరెపలాడి బలం పోతుంది. మరీ బిగిస్తే గాలి ఒంపును విడిచి సుడులు తిరుగుతుంది. పడవ పక్కకు ఒరుగుతుందే గాని ముందుకు సాగదు. అందుకని రెపరెపలాడేదాకా వదిలి, అది ఆగేంతవరకే లాగుతారు. గాలి మారినప్పుడల్లా మళ్లీ అదే పని.

2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు మహిళా నౌకాదళ అధికారులు ఐ.ఎన్.ఎస్.వి. తారిణిలో భూప్రదక్షిణకు బయలుదేరారు. వారిలో హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖ అమ్మాయి పి. స్వాతి ఉన్నారు. పసిఫిక్‌లో వారికి 60 నాట్ల గాలి, అంటే గంటకు సుమారు 110 కిలోమీటర్ల గాలి తగిలింది. గాలి వేగం రెట్టింపైతే తెరచాపపై బలం నాలుగు రెట్లవుతుంది. 15 నాట్ల గాలికి సరిపోయే తెరచాపపై 60 నాట్ల వద్ద పదహారు రెట్ల బలం పడుతుంది. అప్పుడు మడతలు వేసి విస్తీర్ణం తగ్గించకపోతే స్తంభమే విరగవచ్చు. ఆ రాత్రులలో తాడు పట్టిన చేతుల సంగతి ఊహించండి. 254 రోజుల్లో 21,600 నాటికల్ మైళ్లు తిరిగి, 2018 మే 21న ఆరుగురూ క్షేమంగా గోవా చేరారు.

కార్యదర్శిగారు గడియారం చూపుతున్నారు. సందేహాలుంటే భోజన విరామంలో అడగండి. సెలవు.