శెనక్కాయలమ్మి నూనె ప్యాకెట్ కొంటున్నాం
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సమాఖ్య నాయకురాలి ప్రసంగం)

పొదుపులు, రికవరీ లెక్కలు ఇంతకుముందే చదివినారు. మేము ఇంటి ఖర్చుల గురించి నాలుగు మాటలు చెప్తాం.

మాది అనంతపురం జిల్లాలో చిన్న మండలం. ఫ్యాక్టరీ లేదు, కాలువ నీళ్లు లేవు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే బాగా పడినట్టే. పల్లెలో బతుకు చవక అని టౌన్ వాళ్లు అనుకుంటారు. ఇంటి బాడుగ లేదు, బియ్యం రేషన్లో వస్తాయి, నిజమే. కానీ పప్పు, నూనె, సబ్బు టౌన్ ధరకే కొంటాం, కొన్నిటికి ఇంకో రూపాయి ఎక్కువే పెడతాం. సెల్ రీఛార్జి పల్లెకని ఎవరూ తగ్గించి ఇవ్వరు కదా! జబ్బు చేస్తే ఆటో బాడుగ అదనం. ఖర్చు టౌన్‌ది, రాబడి పల్లెది.

ఆ రాబడి ఎంత? ఉపాధి హామీలో 2025-26 సంవత్సరానికి రోజు కూలి 307 రూపాయలు. వంద రోజులూ పని దొరికి, కొలతల ప్రకారం కూలి నిండుగా పడినా 30,700. నెలకు 2,558 రూపాయలు. అందుకే సుగ్గి అయిపోతూనే చానా ఇండ్లకు తాళాలు పడతాయి, బెంగళూరుకు బేల్దారి పనికి పోతారు. సంతకం పెట్టాల్సిన అక్క అక్కడుంటే ఇక్కడ సంఘం మీటింగు ఎట్లా జరుగుతుంది?

సాయం రాలేదని మేము అనం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడోళ్లకు బస్సు ఉచితమైంది. బస్సు వచ్చే ఊర్ల వాళ్లకు అది పెద్ద ఊరట. దీపం కింద ఏడాదికి మూడు సిలిండర్లు వస్తున్నాయి. అయినా సంఘం అప్పు ఎటు పోతోందో చూడండి. పుస్తకంలో ఎనుములకని ఉంటుంది, లోపల అది పిల్లోళ్ల ఫీజు, ఆసుపత్రి ఖర్చు. వడ్డీ వ్యాపారి దగ్గరికి పోయేదానికన్నా అది మేలే. కానీ ఎనుము పాలిచ్చి కంతు కడుతుంది, ఫీజు కట్టదు.

ఇంక నూనె సంగతి. శెనక్కాయ పండించే సీమలో ఉండి మేము పామాయిలు ప్యాకెట్ తింటున్నాం. 2024 సెప్టెంబరులో బయటి దేశాల నూనెల మీద సుంకం పెంచితే మా ఊరి అంగట్లో ధర ఎక్కింది. 2025 మే చివర ముడి నూనెల మీద తగ్గించినారు, ధర మాత్రం ఎక్కినంత బిరీన దిగలేదు.

మరి గానుగ పెట్టుకుంటే పోలేదా అని అందరూ అంటారు. లెక్క వేసినాం. మద్దతు ధర 2025-26కి క్వింటాలుకు 7,263 రూపాయలు. క్వింటాలు కాయ ఒలిస్తే సుమారు 70 కిలోల విత్తనాలు, గానుగాడితే 28 కిలోల దాకా నూనె, 40 కిలోల చెక్క. కాయ ఖర్చే కిలో నూనెకు 259 రూపాయలు పడుతుంది. చెక్క అమ్మిన డబ్బు తీసేసినా, ఆడించిన ఖర్చు కలిపితే పామాయిలు ధరకు రాదు. గానుగ పెడితే ఇంట్లోకి నూనె చవక అనే మాట నమ్మొద్దు. ఆ నూనెకు ధర పెట్టేది టౌన్ వాళ్లు, బెంగళూరు వాళ్లు. పనికి పోయి వచ్చే మనోళ్ల చేతే డబ్బాలు పంపొచ్చు. చెక్క మన పశువులకే సరిపోతుంది.

మిషన్‌కు చిన్న ఆహార పరిశ్రమల పథకంలో 35 శాతం సబ్సిడీ ఉంది. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, అదీ చేయించుకుంటాం. అసలు ఇబ్బంది కాయ కొనే డబ్బు. కాయ ఇంటికొచ్చేది అక్టోబరు, నవంబరులో. అప్పుడు కొని పెట్టుకుంటేనే ఏడాదంతా గానుగ తిరుగుతుంది. బ్యాంకు లింకేజీ ఏమో మార్చిలో, టార్గెట్ దగ్గరపడినాక వస్తుంది. అప్పటికి కాయ దళారి గోడౌన్లో ఉంటుంది. బ్యాంకు సార్లు ఇక్కడే ఉన్నారు కాబట్టి ముఖాన్నే అడుగుతున్నాం: గానుగ పెట్టే సంఘాలకైనా ఈసారి లింకేజీ అక్టోబరులో ఇప్పించండి.